యాక్సిల్ మార్చాక స్పీడోమీటర్ ఎక్కువ చూపిస్తోందా? కేబుల్ గేర్ మార్చండి

మీ మీటర్ పాడవలేదండి, టెన్షన్ పడకండి. వెనక యాక్సిల్ రేషియో (చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే సంఖ్య) 3.08 నుంచి 3.73కి మార్చాను, టైర్లు పాతవే, ఇంతకుముందు మీటర్ సరిగ్గానే చూపించేది అన్నారు కదా, అంటే ఇప్పుడు అదే వేగానికి గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్, దాంతోపాటు మీటర్ కేబుల్ కూడా 21 శాతం ఎక్కువ తిరుగుతున్నాయి. కేబుల్ చివరున్న చిన్న గేర్ మారిస్తే చాలు. షాఫ్ట్ మీదున్న గేర్ జోలికి మాత్రం వెళ్ళకండి, అది చాలా పెద్ద పని.

కేబుల్ చివరి గేర్‌కి పళ్ళు పెరిగితే కేబుల్ నెమ్మదిస్తుంది, ఇక్కడే చాలామంది తిరగేసి తక్కువ పళ్ళ గేర్ కొనేస్తారు. మీది 17 పళ్ళది కాబట్టి 17ని 3.73తో గుణించి 3.08తో భాగిస్తే 20.6 వస్తుంది. 21 వేస్తే, బండి నిజంగా 100లో వెళ్తున్నప్పుడు 98 చూపిస్తుంది, 20 వేస్తే 103. నేనైతే 20 వేస్తాను, మీటర్ తక్కువ చూపించడం ప్రమాదం.

కొన్ని గేర్‌బాక్స్‌లలో పళ్ళ సంఖ్యను బట్టి ఆ గేర్ కూర్చునే హోల్డర్‌ని తిప్పి బిగించాలి, లేదా వేరేది వేయాలి. అది చూసుకోకపోతే కొత్త పళ్ళు అరిగిపోతాయి. బిగించాక ఒకే వేగంలో నడుపుతూ, పక్కన కూర్చున్నవాళ్ళను ఫోన్ జీపీఎస్‌తో పోల్చి చూడమనండి.