పెరటి గదికి వైఫై అందట్లేదంటే

అండీ, అమలాపురంలో మీ పెంకుటింటి వరండాలో నెట్ పరిగెడుతోంది, పెరటి గదిలో మాత్రం ఒక్క గీతే వస్తోంది అన్నారు కదా, తప్పు కనెక్షన్‌ది కాదు, గోడలది. ఫోన్‌లో మీ వైఫై పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5జీ అని కనబడుతోందన్నారే, అది సిమ్ 5జీ కాదండీ, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే రౌటర్ వాడే రేడియో తరంగాల్లో ఒక రకం. వేగం ఎక్కువే గానీ పాతకాలపు మందపాటి గోడలు రెండు దాటేసరికి నీరసపడిపోతుంది. పెరటి గదిలో రెండోదానికి, అంటే చివర 5జీ లేని 2.4 గిగాహెర్ట్జ్ పేరుకి కలపండి, కాస్త నెమ్మదే అయినా దూరం వెళ్తుంది.

రౌటర్‌ని ఇనప బీరువా పక్కన ఇరికించకుండా నడవలో ఎత్తుగా పెట్టండి. మా ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక నుంచి తీశాకే దారికొచ్చింది!

అప్పటికీ అందకపోతే రిపీటర్, అంటే సిగ్నల్‌ని అందుకుని మళ్లీ ముందుకు పంపే పెట్టె, కొనుక్కోవచ్చు, కానీ సిగ్నల్ లేని గదిలో కాదు, సగం దూరంలో పెట్టాలి.