బ్రూనోకి పాలసీ తీసుకునే ముందు

చి. శ్రావణికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ కుక్కపిల్ల బ్రూనోకి టీకా వేయించడానికి వెళ్తే డాక్టర్‌గారు "ఇన్సూరెన్స్ కూడా ఒకటి చేయించండమ్మా" అన్నారనీ, ఏటా కట్టే ఆ డబ్బు దండగ కదా అని అల్లుడు అంటున్నాడనీ రాశావు. దండగ కాదు. కానీ ఏం కొంటున్నామో చూసుకోకుండా కొంటే మాత్రం దండగే. పశువైద్యంలో ఇన్నేళ్లున్నదాన్ని, తెలిసినంత వివరంగా రాస్తున్నాను, ఇద్దరూ కూర్చుని చదవండి.

డాక్టర్లు ఆ మాట ఎందుకంటారో ముందు చెబుతాను. కుక్క రెండు రోజులుగా వాంతులు చేసుకుంటోందని తీసుకొస్తారు. నోరులేని జీవి, ఎక్కడ నొప్పో చెప్పదు. రక్తపరీక్ష, ఎక్స్‌రే, స్కానింగ్ చేస్తేగానీ డ్రిప్‌తో పోతుందో, పొట్ట కోయాలో తేలదు. అంచనా ఖర్చు వినగానే ఇంటివాళ్లు "ఇప్పటికి ఒక ఇంజెక్షన్ వేసి పంపండి సార్, రెండు రోజులు చూద్దాం" అంటారు. ప్రేమ లేక కాదు, నెలాఖరుకి చేతిలో అంత డబ్బు ఉండక. ఆ రెండు రోజుల్లోనే పేగు కుళ్లిపోవచ్చు. చేయాల్సిన వైద్యం తెలిసీ, డబ్బు దగ్గర ఆగిపోవడం డాక్టర్‌కి చాలా బాధ. అందుకే కుక్క ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెవిన వేస్తారు.

మీది లాబ్రడార్. దొరికిందల్లా మింగే జాతి. వేసవిలో మామిడి టెంక, మొక్కజొన్న కంకి బెండు, సాక్సు, ఆదివారం మటన్ బొమికలు, ఏదీ వదలదు. టెంక పేగుకి అడ్డం పడితే ఎక్స్‌రేలో ఎముకలా తెల్లగా కనపడదు, స్కానింగ్ కావాలి. ఆ తర్వాత మత్తు, ఆపరేషన్, కొన్ని రోజుల డ్రిప్. ఇక మన హైదరాబాద్‌లో పిడుదుల బెడద ఉండనే ఉంది. అపార్ట్‌మెంట్ లాన్‌లో తిరిగే కుక్కకి పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ మామూలే. జ్వరం, తిండి మానేయడం, పాలిపోయిన చిగుళ్లు, పొట్ట మీద సన్నటి ఎర్రమచ్చలు, ఒక్కోసారి ముక్కులోంచి రక్తం. ప్లేట్‌లెట్లు పడిపోతాయి. మందు తేలికే, డాక్సీసైక్లిన్ సాధారణంగా 28 రోజులు వాడిస్తారు. కానీ మళ్లీ మళ్లీ చేయించే రక్తపరీక్షలు, పరిస్థితి విషమిస్తే రక్తం ఎక్కించడం, అక్కడ ఖర్చు పెరిగిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాలసీ తీసుకోవాలంటే ఇదే వయసు. బ్రూనోకి మూడు నెలలు నిండాయి, ఒంట్లో ఏ జబ్బూ లేదు. పాలసీకి ముందున్న జబ్బు దేనికీ కంపెనీ డబ్బివ్వదు. పాలసీ మొదలయ్యాక కూడా కొన్నాళ్లు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, ఆ లోపు బయటపడిన జబ్బూ లెక్కలోకి రాదు. ప్రమాదాలకి ఎన్ని రోజులు, జబ్బులకి ఎన్ని రోజులు అన్నది పాలసీని బట్టి మారుతుంది, విడివిడిగా అడుగు. ఏడేళ్లొచ్చి మోకాలు పట్టేశాక పాలసీ వెతికితే ప్రయోజనం లేదు. చాలా పాలసీల్లో చేరడానికి గరిష్ఠ వయసు ఉంటుంది, గ్రేట్ డేన్ లాంటి భారీ జాతులకి ఆ హద్దు ఇంకా ముందే వస్తుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. డాక్టర్ "ఎప్పటినుంచి?" అని అడిగితే మనవాళ్లు నోటికొచ్చింది చెబుతారు. వారం కిందట మొదలైన కుంటుడుని "చాన్నాళ్లుగా ఉంది సార్" అనేస్తారు. ఆ మాట యథాతథంగా కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. రేపు క్లెయిమ్ వేస్తే కంపెనీవాళ్లు ముందు చదివేది ఆ కాగితమే. పాలసీ తీసుకుని రెండు నెలలైంది, "చాన్నాళ్లుగా" అని రాసుంది, పాత జబ్బు అని కొట్టేస్తారు. అబద్ధం చెప్పమనడం లేదమ్మా. తేదీ గుర్తుపెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పమంటున్నాను. ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకో: ఏ రోజు తిండి మానేసింది, ఏ రోజు కుంటింది. అది డాక్టర్‌కీ వైద్యంలో పనికొస్తుంది.

ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం పెట్టే దరఖాస్తు, ఏజెంట్ చేత నింపించకు. అన్నిటికీ "లేదు, లేదు" అని టిక్కులు కొట్టుకుంటూ పోతారు. నువ్వే నింపు. పుట్టినప్పుడు బొడ్డు దగ్గర వాపు ఉందని బ్రీడర్ చెప్పి ఉంటే అదీ రాయి. దాచింది బయటపడితే దానికి సంబంధం లేని క్లెయిమ్‌కి కూడా పేచీ పెడతారు.

పాలసీ ఎలాంటిదో చూడు. ప్రభుత్వరంగ కంపెనీలు చాలాకాలంగా అమ్ముతున్న పాత తరహా కుక్కల పాలసీలు ప్రధానంగా కుక్క చనిపోతే దాని విలువ చెల్లించేవి. మీకు కావలసింది అది కాదు. వైద్యం ఖర్చు, ఆపరేషన్, హాస్పిటల్‌లో ఉంచిన ఖర్చు ఇచ్చేది కావాలి. ఇంకొకటి, కొన్ని యాప్‌లు "పెట్ హెల్త్ ప్లాన్" అని అమ్ముతాయి. వాటిలో కొన్ని ఒట్టి డిస్కౌంట్ కార్డులు, ఇన్సూరెన్సే కాదు. పాలసీ కాగితం మీద కంపెనీకి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీలని నియంత్రించే సంస్థ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, ఆ పాలసీకి యూఐఎన్ అనే నంబరు ఉన్నాయో లేదో చూసుకో.

పెద్దక్షరాల్లో కనిపించే మొత్తం చూసి మోసపోకు. లక్ష రూపాయల పాలసీ అన్నంత మాత్రాన ఏ జబ్బుకైనా లక్ష రాదు, ఒక్కోదానికి సబ్ లిమిట్, అంటే ఇంతకు మించి ఇవ్వం అనే హద్దు, ఉంటుంది. లెక్కకి అనుకుందాం: టెంక ఆపరేషన్ బిల్లు 60,000. ఆపరేషన్ సబ్ లిమిట్ 40,000. మీ వాటా 10 శాతం. అప్పుడు చేతికొచ్చేది 36,000, మిగతా 24,000 మీ జేబులోంచే. రెండు పాలసీలు పోల్చేటప్పుడు ప్రీమియం కాదు, ఈ లెక్క వేసి చూడు. ప్రీమియం నాలుగు డబ్బులు ఎక్కువైనా సబ్ లిమిట్ పెద్దదున్న పాలసీకే నా ఓటు.

మినహాయింపుల పేజీ తప్పకుండా చదువు. లాబ్రడార్‌కి తుంటికీలు సమస్య వంశపారంపర్యంగా రావచ్చు, అలాంటివాటిని చాలా పాలసీలు పక్కన పెడతాయి. టీకాలు, నులిపురుగుల మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, పళ్ల క్లీనింగ్ సాధారణంగా ఉండవు. టిక్ ఫీవర్ ఉందో లేదో పేరుపెట్టి అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకో. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిమ్ రోజున నిలబడదు.

పార్వో, డిస్టెంపర్ లాంటివి టీకా వేయిస్తే ఆపగలిగే జబ్బులు. టీకా తప్పితే వాటికి క్లెయిమ్ రాదు. కుక్కపిల్లకి 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా 3, 4 వారాలకోసారి వేయించాలి. మూడు నెలలకి రేబిస్ టీకా, డాక్టర్ చెప్పిన రోజున బూస్టర్, తర్వాత ఏటా. కార్డులో ప్రతి టీకా పక్కన సీసా మీది స్టిక్కరు, తేదీ, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరున్న ముద్ర ఉండాలి. ఇంటికొచ్చి వేసి వెళ్లిన టీకాలకి చాలాసార్లు ముద్ర ఉండదు, అదే తర్వాత తలనొప్పి. కుక్కని పెంచుకోవడానికి తీసుకునే జీహెచ్‌ఎంసీ లైసెన్సుకి కూడా రేబిస్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు, ఎలాగూ తీస్తున్నావు కాబట్టి ఆ పనీ కానిచ్చేయి. మైక్రోచిప్ వేయించు. బియ్యపు గింజంత ఉంటుంది, మెడ వెనక చర్మం కింద పెడతారు, 15 అంకెల నంబరు. "ఇన్సూరెన్స్ చేసిన కుక్క ఇదేనా?" అన్న ప్రశ్న ఇక రాదు.

ఈ పాలసీల్లో ఎక్కువ భాగం ముందు మనం కట్టి తర్వాత రాబట్టుకునేవే. అందుకని ఒక 25, 30 వేలు విడిగా బ్యాంకులో ఉంచండి. ఇన్సూరెన్స్ ఉంది కదా అని చేతిలో ఏమీ లేకుండా ఉంటే అర్ధరాత్రి హాస్పిటల్ కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు. చేయి మరీ తిరగనప్పుడు నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి, ఖర్చు తక్కువ. అక్కడి ఓపీ చీటీ కూడా పారేయకు.

క్లెయిమ్ విషయానికొస్తే, హాస్పిటల్‌లో చేర్చిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టు. బిల్లు మీద నీ పేరు, బ్రూనో పేరు, తేదీ ఉండాలి. ఫోన్‌పే స్క్రీన్‌షాట్ బిల్లు కాదు. మందుల షాపు బిల్లుకి తోడు డాక్టర్ రాసిన చీటీ, రిపోర్టులు, ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ, అన్నీ స్కాన్ చేసి దాచుకో. కష్టమైన మాట ఒకటి చెప్పక తప్పదు: కుక్క చనిపోతే, ఆ కవర్ ఉన్నట్లయితే, కంపెనీకి చెప్పకుండా పూడ్చకండి. పోస్టుమార్టం రిపోర్టు, ఫొటోలు అడుగుతారు. దుఃఖంలో ఇది ఎవరికీ గుర్తుండదు.

కుక్క ఎవరినైనా కరిస్తే వచ్చే నష్టపరిహారానికి థర్డ్ పార్టీ కవర్ ఉంటుంది, అది కలుపుకో. లిఫ్టులు, పిల్లలు ఉన్న అపార్ట్‌మెంట్ మీది. అయితే ఆ కవర్ డబ్బు వరకే. పెంపుడు జంతువు విషయంలో నిర్లక్ష్యంగా ఉంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. దాన్ని ఏ పాలసీ మోయదు, బెల్టు లేకుండా లిఫ్టు ఎక్కించకండి.

క్లెయిమ్ అన్యాయంగా కొట్టేశారనిపిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాదిలోపు బీమా ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫిర్యాదుల కోసం ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా ఫోన్ నంబరు 155255.

మీ అత్తగారింట్లో పదకొండేళ్ల పమేరియన్‌కీ తీసుకోవాలా అని అడిగావు. వద్దు. దొరకడమే కష్టం, దొరికినా ఉన్న జబ్బులన్నీ మినహాయిస్తారు. ఆ ప్రీమియం డబ్బుని నెలనెలా ఆర్‌డీలో వేయమను. ఆవిడ మగపిల్లికి మాత్రం చూడొచ్చు, చిన్న వయసే కదా. మగపిల్లులకి మూత్రం బిగిసిపోతే అదే రోజు హాస్పిటల్‌కి పరుగెత్తాలి, ఆ ఖర్చూ పెద్దదే.

రెన్యువల్ తేదీకి నెల ముందు ఫోన్‌లో అలారం పెట్టు. మధ్యలో తెగితే వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటికొస్తుంది, ఈలోగా వచ్చిన జబ్బు పాతజబ్బు అవుతుంది.

తర్వాతి టీకా రోజున డాక్టర్‌గారి దగ్గర హెల్త్ సర్టిఫికెట్ రాయించుకుని, అదే వారంలో ప్రపోజల్ పంపేయి. నువ్వు చెప్పిన రెండు కంపెనీల బ్రోచర్లు కాదు, పూర్తి షరతులుండే పాలసీ వర్డింగ్స్ పీడీఎఫ్‌లు నాకు వాట్సాప్ చేయి. మినహాయింపుల దగ్గర గీతలు గీసి పంపిస్తాను.

మీ పెద్దమ్మ