మోకాళ్ళ నొప్పికి మూలికా తైలాలు, బాములు పనిచేస్తాయా? ఇంట్లో పరీక్షించి చూశాక నా జవాబు

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి అరవై దాటాయి, మోకాళ్ళలో గుజ్జు అరిగిందని ఎక్స్‌రే చూసి చెప్పారు, నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, అందుకని మూలికా తైలాల మీద పడ్డారు, ఇంట్లో సీసాలు పోగయ్యాయి, వాటిలో ఏది పనిచేస్తుందో ఎలా తేల్చుకోవాలి అని. మా అమ్మదీ ఇదే కథ కాబట్టి రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు.

రాసుకున్నాక గంటో రెండు గంటలో హాయిగా ఉంచేవి చాలానే ఉన్నాయండీ. అరిగిన గుజ్జును తిరిగి తెచ్చే నూనె మాత్రం ఒక్కటీ లేదు. అట్ట మీద ఆ మాట రాసుకున్న సీసా కనిపిస్తే అక్కడే వదిలేయండి.

అమ్మకు మోకాళ్ళ నొప్పులని తెలిశాక వచ్చిన ప్రతి చుట్టం ఒక సీసాతో వచ్చేవారు. ఆయుర్వేద షాపు మహానారాయణ తైలం, కేరళ వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చిన కొట్టంచుక్కాది, గల్ఫ్ నుంచి బావ పంపిన గొడ్డలి బొమ్మ నూనె, టైగర్ బామ్, సంతలో కొన్న పేరూ ఊరూ లేని ఆకుపచ్చ నూనె. ఏది రాసినా అమ్మ "బానే ఉందిరా" అనేది, తెల్లారి మెట్లు దిగేటప్పుడు మళ్ళీ గోడ పట్టుకునేది. ఆ "బానే ఉంది"తో ఏదీ తేలదు. తెచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుంటే ఎవరైనా అదే అంటారు కదా.

అందుకని మహానారాయణ తైలాన్నీ, ఉత్త నువ్వుల నూనెనూ ఒకే రకం సీసాల్లో పోసి అడుగున గుర్తు పెట్టాను. రాసేది నా భార్య, ఏ సీసాలో ఏముందో తనకూ చెప్పలేదు. ఒక మోకాలికి ఒకటి, రెండో మోకాలికి ఇంకొకటి, కొన్నాళ్ళకు తారుమారు. రుద్దే సేపు మాత్రం రెండిటికీ సమానంగా ఉండాలి, లేకపోతే మీరు పరీక్షించేది నూనెను కాదు, రుద్దుడును. నొప్పి ఎంత అని అడగడం మానేసి పనులు చూశాం: కింద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేస్తోందా, మెట్ల దగ్గర గోడ పట్టుకుందా, రాత్రి నొప్పికి మెలకువ వచ్చిందా. వంటింట్లో గోడ క్యాలెండర్‌లో ఏకాదశి, అమావాస్యల పక్కనే టిక్కులు పెట్టుకున్నాం.

చిక్కు వచ్చింది వాసనతో. మూత తియ్యగానే అమ్మ "ఇది మందు, అది వంటనూనె" అని తేల్చేసింది. ఘాటు లేకపోతే మందెలా అవుతుందని ఆవిడ నమ్మకం. అప్పుడు రెండు సీసాల్లోనూ కాస్త కర్పూరం కరిగించి మళ్ళీ మొదలుపెట్టాం. మా దగ్గర తేడా ఏమీ కనిపించలేదు. రెండిటికీ రాత్రి నిద్ర బాగానే పట్టేది, రెండిటికీ మెట్ల దగ్గర గోడ అవసరమే అయింది. ఒక్క మనిషి మోకాళ్ళతో ఆ తైలం పనికిరాదని తీర్పు చెప్పలేం, మీ నాన్నగారికి వేరేలా ఉండొచ్చు. కానీ ఆ తైలాన్ని కాచేది కూడా నువ్వుల నూనెలోనే కాబట్టి, డబ్బు పెట్టేముందు ఉత్త నూనెతో ఒకసారి పోల్చి చూసుకోవడంలో నష్టం లేదు.

ఉత్త నూనెకే నొప్పి ఎందుకు తగ్గుతుందంటారా? దెబ్బ తగిలిన చోట చెయ్యి దానంతట అదే వెళ్ళి రుద్దుతుంది చూడండి, అదే సంగతి. స్పర్శను మోసే నరాలు చురుగ్గా ఉంటే నొప్పి సంకేతం వెన్నుపాములోనే కొంత ఆగిపోతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రతిపాదించారు. దానికి నమ్మకం కూడా తోడవుతుంది. డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ అనే నొప్పి మందుల పూతల మీద 2016లో కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి తూకం వేసే సంస్థ) ఇచ్చిన సమీక్షలో మందు రాసుకున్నవాళ్ళలో దాదాపు 60 శాతం మందికి నొప్పి బాగా తగ్గితే, మందు లేని ఉత్త జెల్ రాసుకున్నవాళ్ళలోనూ దాదాపు 50 శాతం మందికి తగ్గింది! కాబట్టి "మా అత్తకు తగ్గింది" అనే సాక్ష్యానికి ఎంత విలువ ఇవ్వాలో మీరే చూసుకోండి.

బాముల సంగతి వేరు, వాటిలో నిజంగానే మందు ఉంటుంది. పుదీనా నుంచి తీసే మెంథాల్ (పచారీ కొట్లో పుదీనా పువ్వు అని అమ్మేది ఇదే) చర్మంలోని చల్లదనాన్ని పట్టే నరాలను తట్టి లేపుతుంది. గంధపుర తైలం దాదాపు అంతా మిథైల్ సాలిసిలేటే, అంటే ఆస్పిరిన్‌కు దగ్గర చుట్టం. అమ్మ గుడికి నడిచి వెళ్ళేముందు బామ్ రాసుకుంటే ఆ కాసేపు తేలిగ్గా ఉంటుందంటుంది, నాకూ నిజమే అనిపించింది. కానీ లేబుల్ చదవండి. వోలినీ జెల్‌నూ చాలామంది బాముల్లో కలిపేస్తారు, అందులో డైక్లోఫెనాక్ ఉంది, అది మూలిక కాదు, నొప్పి మాత్రల్లో ఉండే మందే. అలాగని చెడ్డదనడం లేదు. పూతగా రాస్తే రక్తంలోకి వెళ్ళేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ, కడుపు మంట ఉన్న మీ నాన్నగారికి డాక్టర్ బహుశా ముందు దీన్నే చెప్తారు.

మిరపకాయలోని క్యాప్సైసిన్ క్రీములు కూడా దొరుకుతాయి. గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసేవాళ్ళ చేతుల మంట తెలిసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. నరాల్లో ఆ మంటను పట్టే ద్వారాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్‌లో సగం వచ్చింది. రోజుకు మూడు నాలుగు సార్లు, వారాల తరబడి రాస్తేనే నరం మొద్దుబారుతుంది, నొప్పి పుట్టినప్పుడు ఒకసారి రాస్తే మిగిలేది మంటే. చేతులు సబ్బుతో కడగకుండా కళ్ళు ముట్టుకోవద్దు, ఇంట్లో కారం నూరి పట్టు వెయ్యడం అసలొద్దు.

2013లో కాక్రేన్ వాళ్ళే మూలికా పూతలను విడిగా చూశారు. అందులో కాస్త మంచి మార్కులు పడ్డవి ఆర్నికా జెల్, కాంఫ్రీ జెల్, రెండూ మన నేల మొక్కలు కావు. మన వావిలాకు కాపడం, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు కట్టు అమ్మమ్మల కాలం నుంచీ ఉన్నవే, వెచ్చదనం హాయిగానే ఉంటుంది, నాకు అభ్యంతరం లేదు. జిల్లేడు పాలు కంట్లో పడితే మాత్రం చూపుకే ప్రమాదం. నల్లజీడి నూనె జోలికి పోవద్దు, చర్మం పొక్కిపోతుంది. పచ్చి వెల్లుల్లి నూరి రాత్రంతా కట్టుకుంటే మా పెద్దమ్మకు మోకాలి మీద కాలినట్టు బొబ్బలొచ్చాయి, నొప్పి సంగతి మర్చిపోయి బొబ్బలకు వైద్యం చేయించుకుంది పాపం.

ఏ కొత్తదైనా ముందు ముంజేతి లోపలివైపు చుక్క రాసి ఒక రోజు ఆగండి. బామ్ రాసిన చోట వేడినీళ్ళ సంచి పెట్టొద్దు, గట్టిగా కట్టు కట్టొద్దు. మెంథాల్, మిథైల్ సాలిసిలేట్ పూతలతో అరుదుగా చర్మం కాలిన కేసులు వచ్చాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో హెచ్చరించింది. గంధపుర తైలం పిల్లలకు అందనివ్వకండి, చెంచాడు తాగితే సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్ మింగినట్టే, చిన్నపిల్లలకు అది ప్రాణాంతకం. పేరు, లైసెన్స్ నంబర్ లేని నూనెలు ఎంత తక్కువకు వచ్చినా కొనకండి, మా సంత సీసాను మేం తెరవకుండానే పారేశాం.

ఇంకొకటి. పొద్దున్న లేవగానే కీళ్ళు అరగంటకు మించి బిగుసుకుపోతున్నా, రెండు చేతుల వేళ్ళ కీళ్ళు కూడా వాస్తున్నా, అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతం కావచ్చు. దానికి తైలాలతో నెలలు గడిపేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి, రుమటాలజిస్ట్‌ను (కీళ్ళవాతం డాక్టర్ని) చూడాలి. కీలు ఎర్రబడి, వేడెక్కి, జ్వరం కూడా ఉంటే ఆ రోజే వెళ్ళండి.

మా అమ్మ ఇప్పుడు పడుకునేముందు గోరువెచ్చని నువ్వుల నూనె, గుడికి వెళ్ళే రోజు బామ్, వాటితోపాటు ఫిజియోథెరపిస్ట్ చెప్పిన కాలు చాపి ఎత్తే వ్యాయామం. గోడ పట్టుకోవడం తగ్గింది ఆ వ్యాయామం మొదలుపెట్టాకే, ఇది తను ఒప్పుకోదు, నూనె వల్లే అంటుంది.

మీరు రాయనిది ఒకటుంది. నాన్నగారు గుండెకు గానీ మరెందుకైనా గానీ వార్ఫారిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్ర వేసుకుంటున్నారా? అయితే మిథైల్ సాలిసిలేట్ ఉన్న ఏ బామైనా డాక్టర్ని అడిగాకే రాయండి, పైపూతే అయినా దానితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆయన వాడే మందుల పేర్లు ఇక్కడ రాస్తే తెలిసినవాళ్ళెవరైనా చూసి చెప్తారు.