స్కీ పాస్ నాలుగు రోజుల్లో గిట్టుబాటు కాదు

ప్రశ్న: టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఉంటాం. నేను, నా భార్య, 11, 7 ఏళ్ల పిల్లలు. ఎవరికీ స్కీయింగ్ రాదు. క్రిస్మస్ వారంలో కొలరాడో వెళ్దామని మా తోడల్లుడు అంటున్నారు. అందరం ఎపిక్ పాస్, అంటే సీజనంతా కొండ మీది లిఫ్టులు ఎక్కడానికి చెల్లే పాస్, కొంటే నాలుగు రోజుల్లో గిట్టుబాటు అవుతుందట. మా వాటా 9,000 డాలర్ల దాకా వస్తోంది. పొదుపు 11,000 ఉంది. నెల ఖర్చు 5,500, మిగిలేది 1,000. హెచ్‌1బీ మీద ఉన్నాను. ఒక 4,000 క్రెడిట్ కార్డు మీద పెట్టొచ్చా? అప్పటికి విజయవాడ నుంచి అమ్మానాన్న కూడా వచ్చి ఉంటారు. వాళ్లనీ తీసుకెళ్లాలని ఉంది.

జవాబు: వెళ్లండి. పిల్లలు స్కీయింగ్ నేర్చుకోవడానికి మంచి వయసు ఇది. కానీ క్రిస్మస్ వారంలో వద్దు, కార్డు మీద అసలే వద్దు, ఎపిక్ పాస్ కూడా వద్దు.

ముందు కార్డు సంగతి. 22 శాతం వడ్డీ మీద 4,000 డాలర్లు వాడి నెలకు 200 చొప్పున కడితే అప్పు తీరేసరికి రెండేళ్లు దాటుతుంది, వడ్డీయే 1,000 పైన అవుతుంది. ఇక ఆ 11,000 అంటే సరిగ్గా రెండు నెలల ఖర్చు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులు. మీ పొదుపు, ఆ గడువు ఒక్క లెక్కకే వస్తున్నాయి. అందులోంచి ఒక్క డాలరు కూడా మంచులో పోయకండి.

ఇప్పుడు పాస్. మీ తోడల్లుడి లెక్క ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం. పూర్తి ఎపిక్ పాస్ 2025–26 సీజన్‌కు పెద్దలకు 1,051 డాలర్ల దగ్గర అమ్మకానికి వచ్చింది. కొలరాడోలోని వెయిల్ రిసార్ట్‌లో రద్దీ రోజున లిఫ్ట్ టికెట్ కౌంటర్ ధర 300 దాటింది. 1,051ని 300తో భాగిస్తే మూడున్నర, అంటే నాలుగు రోజులు. లెక్క తప్పు కాదు, పోల్చిన ధర తప్పు. ముందుగా ఏర్పాట్లు చేసుకునేవాళ్లు ఆ కౌంటర్ ధర కట్టనే కట్టరు. ఎపిక్ పాస్ అమ్మే కంపెనీయే ఎపిక్ డే పాస్ కూడా అమ్ముతుంది. ఒకటి నుంచి ఏడు దాకా ఎన్ని రోజులు కావాలో అన్ని రోజులకే కొనుక్కోవచ్చు. వెయిల్, బ్రెకన్‌రిడ్జ్ రిసార్టులు కూడా కలిసిన పెద్ద రకమైనా ఆ సీజన్‌లో రోజుకు సుమారు 120 పడింది. దాంతో పోలిస్తే పూర్తి పాస్ గిట్టుబాటు అవ్వాలంటే తొమ్మిది రోజులు కొండ మీద ఉండాలి. డాలస్‌లో ఉంటూ, ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు ఒక సీజన్‌లో తొమ్మిది రోజులు కుదరవు.

డే పాస్‌కు రెండు షరతులున్నాయి. వసంతంలో చవగ్గా మొదలై లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) దగ్గర ధర పెరుగుతుంది, డిసెంబరు మొదట్లో అమ్మకం ఆగిపోతుంది. ఆ తర్వాత మిగిలేది ఖరీదైన లిఫ్ట్ టికెట్టే. రెండోది, క్రిస్మస్–న్యూ ఇయర్, మార్టిన్ లూథర్ కింగ్ డే, ప్రెసిడెంట్స్ డే వారాంతాల్లో చెల్లని రకం ఇంకా తక్కువకు వస్తుంది. ఒక మాట గుర్తుంచుకోండి. వసంతంలో పాస్‌కు 49 డాలర్లు మాత్రమే కట్టమంటారు. మిగతా సొమ్మంతా సెప్టెంబరులో మీ కార్డు మీద దానంతటదే పడుతుంది. 49తో పోయిందనుకున్నవాళ్లకు ఆ నెల బిల్లు చూసినప్పుడు గుండె గుభేల్‌మంటుంది.

క్రిస్మస్ వారం వద్దన్నది ధర కోసమే కాదు. డిసెంబరులో కొండంతా ఇంకా తెరుచుకోకపోవచ్చు. పిల్లల క్లాసులు ముందే నిండిపోతాయి. కాండోలు (అద్దెకిచ్చే ఫ్లాట్లు) ఐదారు రాత్రులకు తక్కువ ఇవ్వమంటాయి. జనవరి చివర్లో బుధవారం బయల్దేరి ఆదివారం తిరిగి రండి. పిల్లలకు మూడు రోజుల బడి పోతుంది, ముందుగా టీచర్‌కు చెబితే సరిపోతుంది. టెక్సస్ స్ప్రింగ్ బ్రేక్‌లో మాత్రం వెళ్లకండి. ఆ వారం సగం డాలస్ అక్కడే ఉంటుంది.

ఊరు కీస్టోన్ ఎంచుకోండి. రిసార్ట్ ద్వారానే రెండు రాత్రులు, అంతకంటే ఎక్కువ బస బుక్ చేస్తే 12 ఏళ్లు, అంతకు లోపు పిల్లలకు లిఫ్ట్ ఉచితం. బయటి సైట్లలో దొరికే కాండోకు ఇది వర్తించదు, కాబట్టి బుకింగ్ పేజీలో ఆ మాట కనిపించాకే డబ్బు కట్టండి. మీ ఇద్దరు పిల్లలకూ లిఫ్ట్ ఖర్చు అక్కడితో పోతుంది. కీస్టోన్‌కు మధ్య రకం డే పాస్ చాలు, వెయిల్ ఉన్న పెద్ద రకం అక్కర్లేదు. కాండో ధర చూసేటప్పుడు మొదటి పేజీ అంకె నమ్మవద్దు. క్లీనింగ్, రిసార్ట్ ఫీజు, పన్ను కలిశాక చివరి పేజీలో వచ్చేదే అసలు ధర.

డబ్బు పెట్టాల్సింది క్లాసులకు. మొదటిసారి వెళ్లినవాళ్ల విషయంలో చుట్టాలు చేసే పొరపాటు ఒక్కటే: గొండోలా (కేబుల్ కారు) ఎక్కించి నేరుగా పైకి తీసుకెళ్తారు. దిగడం రాక సగం రోజు కూర్చుండిపోతారు, పిల్లలు భయపడి ఇక స్కీ వద్దంటారు. అక్కడ పచ్చ వృత్తం గుర్తున్న దారి సులువు, నీలం చతురస్రం మధ్యస్థం, నల్ల వజ్రం కష్టం. పిల్లలకు రెండు రోజులు, మీకు ఒక రోజు గ్రూప్ క్లాసు పెట్టుకోండి. పాస్ ఉన్నవాళ్లకు గ్రూప్ క్లాసులు, రిసార్ట్ అద్దె సామాను, భోజనం మీద 20 శాతం తగ్గింపు ఉంటుంది, డే పాస్ తీసుకున్నా వస్తుంది. రెండు రోజులు స్కీ చేస్తే ఒళ్లు హూనమవుతుంది. మూడో రోజు అక్కడికి దగ్గర్లోనే ఉన్న ఇంకో ఫ్రిస్కోలో, అంటే కొలరాడో ఫ్రిస్కోలో, ట్యూబింగ్‌కు, అంటే గాలి ట్యూబులో కూర్చుని మంచు మీద జారడానికి, పిల్లల్ని తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లే సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం.

సామాను కొండ మీద కాకుండా కింది ఊళ్లో, ముందుగా ఆన్‌లైన్‌లో అద్దెకు తీసుకుంటే మనిషికి రోజుకు 40 దగ్గర వస్తుంది. అక్కడ ఒక కాగితం నింపమంటారు: బరువు, ఎత్తు, వయసు, ఎంత వచ్చు అని. బూటు అడుగు పొడవు కూడా కలిపి, పడినప్పుడు స్కీ కాలి నుంచి ఊడివచ్చేలా బైండింగ్ (బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు) స్క్రూ తిప్పుతారు. మొహమాటానికి బరువు తగ్గించి రాస్తే ఊరికే ఊడిపోతుంది. గొప్పకు ‘బాగా వచ్చు’ అని గీసేస్తే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలి లిగమెంటు మెలితిరుగుతుంది. నిజమే రాయండి. బూట్లోకి ఒకే ఒక పల్చని ఊలు సాక్సు వేసుకోండి. రెండు వేస్తే పాదం లోపల కదులుతుంది, వేళ్లూ చల్లబడతాయి. గ్లవ్స్, గాగుల్స్ సాధారణంగా అద్దెలో రావు, జాకెట్లతో పాటు మీ తోడల్లుడి ఇంట్లోంచే తెచ్చుకోండి. జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరవు.

మోకాలి మాట వచ్చింది కాబట్టి ఇన్సూరెన్స్ చూసుకోండి. మీ ప్లాన్ కొలరాడోలో ఎమర్జెన్సీకే పనిచేస్తుందా, డిడక్టిబుల్ (ముందు మీ జేబులోంచి కట్టాల్సింది) ఎంత అన్నది ఫోన్ చేసి అడగండి. నెట్‌వర్క్‌లో లేని ఎమర్జెన్సీ వైద్యం, ఎయిర్ అంబులెన్స్ బిల్లుల నుంచి 2022లో అమల్లోకి వచ్చిన ఫెడరల్ చట్టం రక్షిస్తుంది కానీ రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌ను అది వదిలేసింది.

నా అంచనా ఇదీ: విమానం 800, అన్నీ కలిపి బస 1,700, మీ ఇద్దరికీ రెండేసి రోజుల డే పాస్ 440, క్లాసులు 1,400, అద్దె సామాను 320, డెన్వర్ నుంచి షటిల్ 400, తిండి 400. మొత్తం 5,460. ఆగస్టు నుంచి జనవరి దాకా ఐదు నెలలు, నెలకు 1,000 వేరే సేవింగ్స్ ఖాతాలో వేసుకుంటే 5,000 అవుతుంది. తక్కువ పడ్డ 460 కోసం ఒక రాత్రి బస, ఆ ట్యూబింగ్ రోజు తగ్గించండి, క్లాసులు మాత్రం తగ్గించవద్దు. కారు అద్దెకు తీసుకోకపోవడం కావాలని చెప్పిందే. సెప్టెంబరు నుంచి మే దాకా ఐ-70 హైవే కొండ దారిలో టైర్ల నిబంధన ఉంటుంది, అద్దె కారు టైర్లు దానికి సరిపోతాయన్న హామీ లేదు.

తిండికి 400 చాలు అన్నానంటే కాండోలో వండుకుంటారన్న లెక్కతోనే. అంత ఎత్తులో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) సూట్‌కేసులో పెట్టుకోండి. కొండ మీద రెస్టారెంట్లో నలుగురు ఒక్క పూట తింటే 100 డాలర్లకు అటూ ఇటూ తేలుతుంది.

అమ్మానాన్నల్ని ఈ ప్రయాణానికి తీసుకెళ్లవద్దని నా సలహా. కీస్టోన్ కింది భాగమే 9,000 అడుగులు దాటి ఉంటుంది. విజయవాడ నుంచి వచ్చినవాళ్లకు బీపీయో, గుండె జబ్బో ఉంటే అక్కడ ఊపిరి ఆడక ఇబ్బంది పడొచ్చు. ఆ చికిత్స బిల్లును ‘ముందునుంచీ ఉన్న జబ్బు’ అని విజిటర్ ఇన్సూరెన్స్ తిప్పి పంపే అవకాశం ఎక్కువ. వాళ్లు వేసవి దాకా ఉంటే డెన్వర్‌లో రెండు రాత్రులు ఆగి, డాక్టర్‌ను అడిగాక పైకి తీసుకెళ్లండి. మీరు నలుగురూ కూడా మొదటి రాత్రి నీళ్లు బాగా తాగండి, మద్యం జోలికి పోకండి, స్కీ మర్నాడే మొదలుపెట్టండి.