రక్తం తీసే ముందే జవాబు సిద్ధం చేసుకో

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పశువుల నుంచి మనుషులకు అంటుకునే బ్రూసెల్లోసిస్ జబ్బు మీద పరిశోధన మొదలుపెడుతున్నావని, మనుషులనూ పశువులనూ కలిపే పరీక్షిస్తావని మీ అమ్మ చెప్పింది. పశువైద్యుడిగా పనిచేసినన్నాళ్లూ, మనుషుల డాక్టరు ఒకరు పశువుల కొట్టం దాకా రావాలని కోరుకున్నవాణ్ణి. అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి తేల్చుకో. ఏ గేదె రక్తమైనా తీయకముందే, జబ్బు ఉన్నట్టు తేలితే రైతుకు ఏమి చెబుతావో కాగితం మీద పెట్టు. పశువులో దీనికి నమ్మదగిన వైద్యం లేదు. జబ్బు తేలిన పశువును వధించి రైతుకు పరిహారం ఇచ్చే దేశాలున్నాయి. మన ఊళ్లలో అది నడిచే పని కాదు. అప్పు చేసి కొన్న గేదెకు రోగముందని తెలిస్తే రైతు ఏమి చేస్తాడు? మరుసటి సంతకు తోలుకుపోతాడు. నీ పరీక్ష పుణ్యమా అని రోగం ఇంకో ఊరు చేరుతుంది. అతన్ని నేను తప్పు పట్టను. ఆ నష్టం ఎవరు భరించాలో, పశువును విడిగా కట్టడానికి చోటెక్కడో, సంతలో అది ఎన్ని చేతులు మారుతుందో లెక్కగట్టే అర్థశాస్త్రవేత్తను మొదటి రోజు నుంచే వెంట పెట్టుకో. చివర్లో ఒక అధ్యాయం రాయించుకోవడానికి పిలిస్తే ఉపయోగం లేదు.

మధ్యధరా సముద్రంలోని మాల్టా దీవి సంగతి చదివే ఉంటావు. 1887లో అక్కడి బ్రిటిష్ సైనిక వైద్యుడు డేవిడ్ బ్రూస్, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో ఈ సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అది మేకపాల ద్వారా వస్తోందని తెలియడానికి 1905 దాకా పట్టింది. మాల్టా వైద్యుడు తెమిస్టోక్లీస్ జమ్మిట్, పైకి ఏ రోగమూ కనబడని మేకల రక్తం పరీక్షించాకే గుట్టు వీడింది. ఆ మేకలను వీధుల వెంట తోలుకొచ్చి గుమ్మం ముందే పాలు పితికి ఇచ్చేవారు. మరుసటి ఏడాది సైన్యంలో మేకపాలు ఆపేయగానే జ్వరాలు తగ్గిపోయాయి. రోగి మంచం దగ్గరే ఆగిపోయినందుకు పద్దెనిమిదేళ్లు పోయాయి.

అయితే మాల్టా ప్రశ్నలనే మన దగ్గర అడగవద్దు. మన ఇళ్లలో పాలు కాచే తాగుతారు, పెరుగూ కాచిన పాలతోనే తోడుపెడతారు. అసలు ప్రమాదం గేదె ఈనే దగ్గర ఉంది. చూడి గేదె ఆరేడు నెలలకు ఈసుకుపోతుంది, మాయ పడదు. ఆ ఇంటి ఆడమనిషి ఉత్త చేతులతో దాన్ని లాగి, కొట్టం కడిగి, మాయను పెంటకుప్ప మీద పారేస్తుంది. కుక్కలు దాన్ని నాలుగిళ్ల అవతలికి ఈడ్చుకుపోతాయి. కొన్ని వారాలకు ఆమెకు సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్లంతా చెమటలు, నడుము నొప్పి. టైఫాయిడ్ అని మందులు వాడతారు. నువ్వు ప్రశ్నల కాగితంతో వెళితే అరుగు మీద కూర్చుని జవాబు చెప్పేది మాత్రం ఆమె భర్త. కొట్టంలోకి వెళ్లి ఆమెనే అడుగు. పచ్చిపాల సంగతి గొర్రెలు, మేకలు కాసేవారి దగ్గర విడిగా అడుగు.

రిజిస్టర్లు కలపడం నీకు పెద్ద తలనొప్పి అవుతుంది. పశువుల ఆసుపత్రిలో గేదె భర్త పేరు మీద ఉంటుంది, నీ ఆసుపత్రిలో రోగి భార్య. ఇంటి నంబరు, పశువు చెవి ట్యాగు మీది పన్నెండు అంకెలు రెండు చోట్లా రాయించు. టీకా వేశారా అన్నదీ తప్పక రాయి. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు టీకా వేస్తున్నారు. టీకా పడిన పశువు, ఈ జబ్బుకు చేసే రోజ్ బెంగాల్ అనే రక్తపరీక్షలో రోగమున్నట్టే కనబడవచ్చు.

అది బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా. వేసేటప్పుడు సూది చేతికి గుచ్చుకుంటే వేసినవాళ్లకే జబ్బు రావచ్చు. ప్రయోగశాలలో ఈ జీవిని పెంచేవాళ్లకూ అంతే ప్రమాదం. నీ బృందంలో ఊళ్లలో పశువులకు ప్రథమ చికిత్స చేసే గోపాలమిత్రలు, ల్యాబ్ పిల్లలు ఉంటారు కదా. వాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు, జ్వరం వస్తే పరీక్ష, ఆరు వారాల మందుల ఖర్చు నీ బడ్జెట్‌లో మొదటి పద్దుగా రాయి. నిధులిచ్చేవారు కోత పెట్టమంటే ప్రయాణాల్లో పెట్టుకో, ఇందులో వద్దు.

ప్రశ్నల కాగితం తయారయ్యాక నాకు పంపు. ఈసుకుపోవడం, మాయ, చూడి కట్టకపోవడం లాంటి వాటికి ఏ ఊళ్లో ఏ మాట వాడతారో సరిచూసి పంపుతాను.

మీ పెదనాన్న