ఆరో పేజీ నా దగ్గరే ఉంది

అమ్మాయీ,

కథ అందింది. రెండుసార్లు చదివాను. ఆరో పేజీలో మీ ముత్తాత విల్లు పట్టుకుని అల్లూరి సీతారామరాజు పక్కన నిలబడేసరికి చిరాకేసి కాగితాలు అవతల పడేశాను. ఆయన రాజుని చూశాడని మీ ఇంట్లో ఎవరైనా అన్నారా? నర్సీపట్నం–లంబసింగి రోడ్డు పనిలో మట్టి మోశాడని నీ ఉత్తరంలోనే ఉందిగా!

తొమ్మిదో పేజీలో మీ నాయనమ్మ వాకిట్లోంచి వేలు పెట్టి "అదిగో, మన కొండ" అంటుంది. ఫారెస్టువాళ్ళు హద్దురాళ్ళు పాతి ఎన్నాళ్ళయిందో. ఆవిడకి అదింకా మన కొండే. నేను అక్కడ ఆగిపోయాను, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

1882 అడవి చట్టం తరవాత పోడుకి, అంటే కొండవాలున చెట్లు కొట్టి చేసే సాగుకి, ఆంక్షలొచ్చాయని చరిత్ర పుస్తకం చూసి ఎవరైనా రాస్తారు. ఏ వాలులో చోళ్ళు చల్లేవారు, ఏ వాలులో సామలు, గార్డు వస్తే ఎన్ని కోళ్ళు ఇచ్చుకునేవారు, పోడు కొట్టనివ్వని ఏడాది ఏం తిన్నారు, ఇవి మీ ఇంట్లోనే దొరుకుతాయి. కొండవాళ్ళ కోపం రాజుతో పుట్టలేదమ్మా. 1879లో కల్లు మీద పన్నేస్తేనే రంప కొండలు తిరగబడ్డాయి. తరవాత గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ చాలీచాలని కూలితో ఆ రోడ్డు వేయించాడు. తరవాత రాజు వెంట నడిచిన గాం గంటం దొరకి మునసబు గిరీ పోయింది. 1922 ఆగస్టు 22న రాజుతో కలిసి చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డవాళ్ళు ఇవన్నీ పడ్డవాళ్ళే.

నాకెందుకింత పట్టుదల అంటావేమో. 1974లో ఆ రోడ్డు కూలీ కొడుకు ఒకాయన చెప్పిన సంగతులు కథ చేసి ఓ పత్రికకి పంపాను. కార్బన్ పెట్టి మూడు ప్రతులు, వేళ్ళంతా నీలం. "హీరో ఎక్కడండీ?" అని ఎడిటరుగారు తిప్పి పంపారు. ఆ ఏడాది రాజు సినిమా వచ్చింది, ఎక్కడ చూసినా రాజు గాలే. నేనూ ఒంగాను. రాజుని తెచ్చి పెట్టాను, అచ్చయింది, పాతిక రూపాయలొచ్చాయి. పత్రిక పట్టుకుని బస్సెక్కి కొండమీదికెళ్ళి ఆయనకి చదివి వినిపించాను. చుట్ట ఆరిపోయేదాకా విన్నాడు.

"బాగుంది గానీ బాబూ, మా అయ్య బుట్టేటైపోనాది?" అన్నాడు.

తండ్రి మట్టి మోసిన వెదురు బుట్ట. మొదటి ప్రతిలో రెండు పేజీలుండేది. చోటు చాలదని నేనే కొట్టేశాను. ఆ ప్రతి ఇప్పుడు లేదు.

ఏ పత్రికకి పంపాలి, మాండలికం ఎంత వాడాలి అని అడిగావు. అవి తరవాత చూద్దాం. ముందు సెలవు పెట్టి మీ నాయనమ్మ దగ్గరికెళ్ళు, ఎనభయ్యేడేళ్ళంటున్నావు. ఫోన్లో రికార్డు చేస్తూ కూర్చోకు, ఆవిడతో పాటు చింతపండు పిక్కలు తీయి.

మిగతా పేజీలు పంపుతున్నాను. ఆరోది పంపను.