టెక్ సందేహాలు: మారింది మీ పాస్‌వర్డ్ కాదు, కంప్యూటర్‌ది

ప్రశ్న: మాది కాలేజీ ఆఫీసు. అకౌంట్స్ సెక్షన్‌లోని సిస్టమ్ హార్డ్‌డిస్క్ పాడైతే, టెక్నీషియన్ వేసవిలో తీసిపెట్టిన ఘోస్ట్ కాపీని (డిస్క్ మొత్తానికి తీసిన నకలును) కొత్త డిస్క్‌లోకి ఎక్కించి వెళ్లాడు. అప్పటి నుంచి లాగిన్ కాబోతే ‘ఈ వర్క్‌స్టేషన్‌కూ ప్రైమరీ డొమైన్‌కూ మధ్య ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిలైంది’ అని వస్తోంది. పాస్‌వర్డ్ రెండుసార్లు మార్పించినా ఫలితం లేదు. విచిత్రంగా, నెట్‌వర్క్ వైరు పీకేస్తే మాత్రం వేసవి నాటి పాత పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటోంది.
– ఆఫీసు ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీ పాస్‌వర్డ్‌లో ఏ దోషమూ లేదు కనుక దయచేసి మూడోసారి మార్పించకండి. డొమైన్ అంటే ఆఫీసు కంప్యూటర్లనూ లాగిన్లనూ ఒక సర్వర్ కింద ఉంచే ఏర్పాటు. అందులో మీకు ఉన్నట్టే కంప్యూటర్‌కు కూడా ఒక ఖాతా, దానికొక పాస్‌వర్డ్ ఉంటాయి. ఆ పాస్‌వర్డ్‌ను కంప్యూటర్ తనంతట తానే, మామూలుగా 30 రోజులకోసారి, మార్చుకుని సర్వర్‌కు తెలియజేస్తుంది. ఇదంతా తెర వెనుక జరిగే పని కాబట్టి ఎవరికీ కనిపించదు. వేసవి నాటి కాపీని తిరిగి ఎక్కించడంతో మీ కంప్యూటర్ వేసవి నాటి పాస్‌వర్డ్‌నే పట్టుకుని సర్వర్ ముందు నిలబడింది. ఈలోగా అది రెండు మూడుసార్లు మారిపోయింది గనుక సర్వర్ దాన్ని గుర్తించడం లేదు. యంత్రమే లోపలికి రాలేనప్పుడు దాని మీద కూర్చున్న మనిషి పాస్‌వర్డ్ ఎంత సరైనదైనా ఉపయోగం లేదు.

వైరు పీకితే తెరుచుకోవడంలో కూడా వింతేమీ లేదు. సర్వర్ అందుబాటులో లేనప్పుడు పని ఆగిపోకుండా, విండోస్ ఇంతకుముందు లాగిన్ అయినవారిలో 10 మంది వివరాలను తనలో దాచుకుంటుంది. మీ ఘోస్ట్ కాపీలో దాగి ఉన్నది వేసవి నాటి పాస్‌వర్డే కాబట్టి అది పనిచేస్తోంది, కొత్తది పనిచేయడం లేదు. టెలిఫోన్‌లో ఈ ఒక్క లక్షణం చెబితే చాలు, అనుభవమున్న అడ్మినిస్ట్రేటర్ జబ్బేమిటో అక్కడే చెప్పేస్తాడు.

మందు సులువైనదే. ఆ కంప్యూటర్‌కు మాత్రమే చెందిన లోకల్ అడ్మినిస్ట్రేటర్ ఖాతాతో లోపలికి వెళ్లి, వైరు తగిలించి, విండోస్‌తో పాటే వచ్చే, కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్ 5.1ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. అందులో ‘టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్’ కమాండ్‌ను ‘రిపేర్’, ‘క్రెడెన్షియల్’ అనే మాటలు జోడించి నడిపి, డొమైన్ అడ్మినిస్ట్రేటర్ వివరాలు ఇస్తే కంప్యూటర్‌కూ సర్వర్‌కూ మళ్లీ మాటలు కలుస్తాయి. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే పవర్‌షెల్ 7లో ఈ కమాండ్ లేదు. చాలామంది టెక్నీషియన్లు చేసేది వేరు: కంప్యూటర్‌ను డొమైన్ నుంచి వర్క్‌గ్రూప్‌లోకి (డొమైన్ సర్వర్ లేని విడి గుంపులోకి) తప్పించి, మళ్లీ చేరుస్తారు. అదీ పనిచేస్తుంది గానీ, లోకల్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ తెలియకుండా డొమైన్ నుంచి తప్పించి రీస్టార్ట్ చేశారంటే తాళంచెవి గదిలోనే పెట్టి తలుపు వేసుకున్నట్టే.

రిపేర్ కూడా విఫలమైతే రెండు చోట్ల చూడండి. టెక్నీషియన్ ఇంటర్నెట్ రావడం కోసం పేరును బట్టి నెట్‌వర్క్ అడ్రసు చెప్పే సర్వర్‌ను సూచించే డీఎన్ఎస్ గడిలో 8.8.8.8 అని వేసి వెళ్లి ఉండవచ్చు. మీ ఆఫీసు డొమైన్ ఎక్కడుందో ఆ గూగుల్ సర్వర్‌కు తెలియదు, అక్కడ మీ డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌ను నడిపే సర్వర్) అడ్రసే ఉండాలి. రెండోది గడియారం. డొమైన్ లాగిన్‌కు వాడే కెర్బరోస్ పద్ధతి, సర్వర్‌కూ కంప్యూటర్‌కూ మధ్య మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. శనివారం మెయిన్ ఆపేసి వెళ్తే సోమవారానికి తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే, మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట.

ప్రశ్న: మా సహకార సంఘం లెక్కలన్నీ 1990ల నాటి డాస్ ఫాక్స్‌ప్రో ప్రోగ్రాంలో ఉన్నాయి. విండోస్ 11 కంప్యూటర్ కొన్నాక అది తెరుచుకోవడం లేదు. కంపాటిబిలిటీ మోడ్ ప్రయత్నించాం. రాసిచ్చిన ప్రోగ్రామర్ ఇప్పుడు లేరు.
– సంఘం గుమస్తా, కరీంనగర్ జిల్లా

జవాబు: కంపాటిబిలిటీ మోడ్ ఇక్కడ పనికిరాదు. మీది పాతకాలపు డాస్ కోసం రాసిన 16 బిట్ ప్రోగ్రాం. అలాంటివాటిని నడిపించే ఎన్‌టీవీడీఎం అనే భాగం 32 బిట్ విండోస్‌లో మాత్రమే ఉండేది, విండోస్ 11కు 32 బిట్ రకమే లేదు. విండోస్ 10కి ఆ రకం ఉన్నా, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక వెనక్కి వెళ్లమని కూడా నేను చెప్పను.

ముందుగా పాత డిస్క్‌లోని ఆ ఫోల్డర్‌ను పూర్తిగా రెండు చోట్లకు కాపీ చేయండి. లెక్కలుండే డీబీఎఫ్ ఫైళ్లు ఒక్కటే తీసుకుంటే చాలదు, ఎఫ్‌పీటీ అని ముగిసేవాటిలో మెమో వివరాలుంటాయి. ఆ తర్వాత పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే డాస్‌బాక్స్-ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాంలో దాన్ని నడిపించండి. మామూలు డాస్‌బాక్స్ ఆటల కోసం తయారైనది, లెక్కల పనికి దాన్ని నమ్ముకోవద్దు. డాస్‌బాక్స్-ఎక్స్‌లో ఎల్‌పీటీ1కు (పాతకాలపు ప్రింటర్ పోర్టుకు) వెళ్లే ప్రింటును మళ్లించవచ్చు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉంటే దాన్ని ఏ మార్పూ లేకుండా నేరుగా పంపించండి. అడ్డంగా 132 అక్షరాలు పట్టే లెడ్జర్‌ను చిన్న కాగితంలో ఇరికించడానికి ప్రోగ్రాం పంపే 15వ నంబరు కోడ్ మధ్యలో పోతే అంకెలు కాగితం అంచు దాటి కింది వరుసలోకి దిగుతాయి.

ఇది కొంతకాలం గడుపుకోవడానికే. డీబీఎఫ్ ఫైళ్లను లిబ్రె ఆఫీస్ క్యాల్క్ నేరుగా తెరుస్తుంది కాబట్టి లెక్కలు బయటికి తీయడం కష్టం కాదు. సభ్యుల పేర్లు తెలుగులో ఉండి, అవి పిచ్చి అక్షరాలుగా కనిపిస్తే కంగారు పడకండి. ఆనాడు జిస్ట్ కార్డుతో (భారతీయ భాషల కోసం కంప్యూటర్‌లో అమర్చిన కార్డుతో) ఎక్కించినవైతే అవి ఇస్కీ అనే పాత భారతీయ భాషల సంకేతాల్లో ఉంటాయి. యూనికోడ్‌లోని తెలుగు విభాగం అమరిక కూడా ఇస్కీ నుంచే వచ్చింది గనుక ఒకదాన్ని మరొకదానిలోకి మార్చడం కుర్ర ప్రోగ్రామర్‌కు కూడా పెద్ద పని కాదు. డీటీపీ ఫాంట్లలో టైపు చేసినవే అసలు తలనొప్పి, ఎందుకంటే వాటిలో నిల్వ ఉండేది అక్షరం కాదు, అక్షరాన్ని గీసే ముక్కలు.

ప్రశ్న: తెలుగు కీబోర్డు చేర్చిన మర్నాటి నుంచి నా పాస్‌వర్డ్ తప్పంటోంది.
– ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: లాగిన్ తెర మీద కుడివైపు కింద భాష పేరు చూడండి, అది తెలుగు అయి ఉంటుంది. విండోస్ మీటను పట్టుకుని స్పేస్ బార్ నొక్కి ఇంగ్లిష్‌కు మార్చండి. అనుమానం తీరకపోతే పాస్‌వర్డ్ గడి పక్కనున్న కంటి గుర్తు నొక్కి, మీరు టైపు చేసిన అక్షరాలు ఏ భాషలో పడుతున్నాయో చూసుకోవచ్చు, పక్కన ఎవరూ లేనప్పుడు.